పాస్‌పోర్టు చెల్లుతుంది, యంత్రం చదవదు

పాస్‌పోర్టు చెల్లుతుందో లేదో తేల్చేది ఎవరు? చట్టం ప్రకారం భారత ప్రభుత్వం. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ చూస్తే, ఆ పుస్తకం మన బీరువాలో ఉన్నా దాని యజమాని కేంద్రమే. కానీ మామిడి కోతలు ముగిశాక అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి బయలుదేరి, అర్ధరాత్రి శంషాబాద్ చెకిన్ కౌంటర్ ముందు నిలబడ్డ నూజివీడు దంపతులకు ఆ చట్టంతో ఒరిగేదేమీ ఉండదు. గడువుంది, వీసా ఉంది, ఫొటోలో ఉన్నది ఆ మనిషే. రీడరు మీద ఎన్నిసార్లు పెట్టినా తెర మీద వివరాలు పడవు. ఇక తీర్పు కౌంటర్లో కూర్చున్న ఉద్యోగిది. ఓపికుంటే వివరాలు చేత్తో కొడతారు. అనుమానమొస్తే పక్కన నిలబడమంటారు. గడువు తీరని పాస్‌పోర్టు స్కాన్ కానంత మాత్రాన చెల్లకుండా పోదన్న సంగతిని కేంద్రం విమానయాన సంస్థలకు రాతపూర్వకంగా చెప్పి తీరాలి.

ఆ యంత్రం చదివేదెంతో చూద్దాం. వివరాల పేజీ అడుగున రెండు వరసలు, వరసకు 44 చొప్పున మొత్తం 88 అక్షరాలు, అంకెలు, బాణపు గుర్తులు ఉంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1980లో తొలిసారి వెలువరించిన 9303 పత్రం ఈ కొలతలకు మూలం. అచ్చు ఒకే రకం, సిరా పరారుణ కాంతిలో కనిపించేది. మన కళ్లకు శుభ్రంగా ఉన్న గీత ఆ కాంతిలో చెదిరి కనిపించవచ్చు. పైగా యంత్రం తాను చదివింది సరైందో కాదో లెక్క కట్టి చూసుకుంటుంది. పుట్టిన తేదీ 1985 జూన్ 12 అయితే అక్కడ 850612 అని ఉంటుంది. ఆ అంకెల్ని వరసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించి కలిపితే 118 వస్తుంది. చివరి అంకె 8 కాబట్టి తేదీ పక్కన 8 అచ్చేస్తారు. మరక వల్ల 6ను 8గా చదివితే మొత్తం 132 అవుతుంది, చివరి అంకె 2. లెక్క తప్పగానే యంత్రం వెనక్కి కొడుతుంది. పాస్‌పోర్టు నంబరుకూ గడువు తేదీకీ ఇలాంటి కాపలా అంకెలే ఉంటాయి. దొంగ పాస్‌పోర్టుల్ని ఆపడంలో ఈ కట్టుదిట్టం విలువ చాలా పెద్దది. అయితే ఒక్క మడత, ఒక్క చెమట చుక్క కూడా అదే గుమ్మం దగ్గర ఆగిపోతాయి.

మన ఇళ్లలో పాస్‌పోర్టు ఎలా బతుకుతుందో ఆలోచించండి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఊళ్లలో అది పట్టాదారు పాస్‌బుక్కు, బంగారం, పెళ్లిచీరలతోపాటు బీరువాలో, కలరా ఉండల మధ్య ఏళ్ల తరబడి ఉంటుంది. వానాకాలం తేమ, మే నెల ఉక్క రెండూ దాన్ని తాకుతాయి. మన పాస్‌పోర్టులో వివరాల పేజీ చాలాకాలంగా ముందు అట్ట లోపలి వైపే ఉంటూ వచ్చింది, పైన పలచటి ఫిల్మ్. అంచు దగ్గర ఆ ఫిల్మ్ లేచిందంటే, లోపల చిన్న బుడగ కట్టిందంటే, ముందుగా దెబ్బతినేది అడుగునున్న ఆ రెండు వరసలే. జిరాక్స్ షాపులో అట్టను వెనక్కి విరిచి గాజు మీద అదుముతారు. ట్రావెల్ ఏజెంటు టికెట్ కాగితాన్ని స్టేపుల్ కొట్టి ఇస్తాడు. ఇంకొందరు భద్రంగా ఉంటుందని బయట లామినేషన్ చేయిస్తారు. అది అన్నిటికన్నా పెద్ద నష్టం.

గల్ఫ్‌కు వెళ్లిన ఆడవాళ్లది ఇంకా కష్టం. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లినవాళ్లలో ఎందరి పాస్‌పోర్టులో యజమాని సొరుగులో ఉంటాయి. కువైట్ 2015లో తెచ్చిన గృహకార్మికుల చట్టం దీన్ని నిషేధించింది. నిషేధం అమలైన ఇళ్లలో ఆమె తన పాస్‌పోర్టును తానే చూసుకోగలదు. కానిచోట అది ఏ స్థితిలో ఉందో ఆమెకు తెలిసేది సెలవు మీద ఇంటికి బయలుదేరిన రోజునే. అప్పటికి రాయబార కార్యాలయానికి వెళ్లి కొత్తది తెచ్చుకునే వ్యవధి ఉండదు. అక్కడివాళ్లు అవుట్ పాస్ అని పిలిచే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ దొరికినా, అది ఇండియాకు రావడానికి మాత్రమే పనికొస్తుంది. తిరిగి పనిలోకి వెళ్లాలంటే మళ్లీ కొత్త పాస్‌పోర్టు, మళ్లీ వీసా కాగితాలు.

విమాన సంస్థలు అంత కఠినంగా ఎందుకుంటాయి? సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ని దింపితే, వెనక్కి తెచ్చే ఖర్చు వాటిదే. బ్రిటన్ అయితే మనిషికి 2,000 పౌండ్ల జరిమానా కూడా వేయగలదు. కాబట్టి కౌంటర్ ఉద్యోగికి కాదనడమే క్షేమం. కానీ 9303 పత్రమే కంటితో చదవదగ్గ భాగం కూడా పాస్‌పోర్టులో ఉండి తీరాలంటోంది. చేత్తో ఎక్కించే దారి మొదటి నుంచీ ఉంది. ఆ దారి తొక్కిన ఉద్యోగికి సంస్థ నుంచి మాట పడదన్న భరోసా లేదంతే.

ఇలాంటి చిక్కు ఒకసారి దేశం మొత్తానికీ వచ్చింది. యంత్రం చదవలేని పాస్‌పోర్టులకు 2015 నవంబరు 24 ఆఖరి తేదీ అని ప్రపంచ దేశాలు ముందే ఒప్పుకున్నాయి. 2014 నవంబరు చివరికి మన దేశంలో దాదాపు 2.86 లక్షల చేతిరాత పాస్‌పోర్టులు చలామణిలో ఉన్నాయని విదేశాంగ శాఖ చెప్పింది. తొంభైల్లో ఇరవై ఏళ్ల గడువుతో ఇచ్చినవి కూడా మార్చుకోమంది. అప్పుడు తేదీ తెలుసు, ప్రకటన వచ్చింది, జనం కార్యాలయాలకు వెళ్లారు. ఇప్పటి చిక్కుకు తేదీ లేదు. పాస్‌పోర్టు ఎప్పుడు మొండికేస్తుందో కౌంటర్ దాకా వెళితే గాని తెలియదు.

నూజివీడు మామిడికి ఈ బాధ కొంత తక్కువ. ఎగుమతి కాయను ప్యాక్‌హౌస్‌లోనే ఏరి, శుద్ధి చేసి, పురుగు లేదని సర్టిఫికెట్ ఇచ్చాకే విమానం ఎక్కిస్తారు. 2025 మేలో ముంబై నుంచి వెళ్లిన 15 మామిడి సరుకుల్ని రేడియేషన్ శుద్ధి పత్రాల్లో లోపం పేరిట అమెరికా విమానాశ్రయాల్లో తిప్పికొట్టినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. మనిషి పాస్‌పోర్టును బయలుదేరే ముందు పరీక్షించే ప్యాక్‌హౌస్ ఏదీ? విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో, 2017 నుంచి పోస్టాఫీసుల్లో తెరుస్తూ వచ్చిన కేంద్రాల్లో ఒక్కో రీడరు పెట్టి, అపాయింట్‌మెంట్ లేకుండా, రుసుము లేకుండా చూసి చెప్పమంటే పెద్ద కోరిక కాదు.

రుసుముల దగ్గర ఇంకో అన్యాయం ఉంది. 36 పేజీల మామూలు రీఇష్యూకు రూ.1,500. దెబ్బతిన్నదని రాస్తే రూ.3,000, తత్కాల్ అయితే రూ.5,000. నంబరు, పేరు చదవగలిగి ఫొటో చెడకపోతే దాన్ని పాక్షికంగా దెబ్బతిన్నదంటారు. ఈ కొలత కంటికి కనిపించేదానికే సరిపోతుంది. చూపులకు నిక్షేపంగా ఉండి, ఫిల్మ్ లేవడం వల్లో అచ్చు లోపం వల్లో రీడరుకు అందని పాస్‌పోర్టు ఏ కోవలోకి వస్తుంది? తప్పు పౌరుడిది కానప్పుడు పౌరుడి చేత రెట్టింపు కట్టించడం నాకు సమ్మతం కాదు. అలాంటివాటిని ఉచితంగా మార్చాలి.

చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు వస్తున్నాయి కదా, ఇక ఈ బాధ తీరినట్టే అనుకుంటున్నవాళ్లున్నారు. 2024 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలై ఇప్పుడు విస్తరిస్తున్నాయి, మంచిదే. కానీ చిప్‌ను తెరిచే తాళంచెవి ఆ పాత రెండు వరసల్లోనే ఉంటుంది. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ కలిపితేనే చిప్ నోరు విప్పుతుంది. వరసలు చెడితే చిప్ కూడా మూగదే. 2025 జనవరిలో హైదరాబాద్‌కు వచ్చిన వేగవంతపు ఇమిగ్రేషన్ గేట్లు కూడా ముందు పాస్‌పోర్టు చదవగలిగితేనే తెరుచుకుంటాయి.

2015 గడువుకు హడావుడిగా మార్చుకున్నవాళ్ల పదేళ్లు 2025 చివరికల్లా నిండాయి. వాళ్లు ఎలాగూ కొత్తవి తీసుకుంటారు. ఈ నాలుగైదేళ్లలో చిప్ లేని పుస్తకం తీసుకున్నవాళ్లు మాత్రం దాంతోనే 2030 దాటేదాకా తిరగాలి. అన్ని వానాకాలాలూ ఆ ఫిల్మ్ మీదుగానే వెళ్లాలి. రీడరుకు అందని పాస్‌పోర్టు వివరాలు చేత్తో ఎక్కించాలని, ఎక్కించకపోతే కారణం రాసివ్వాలని విమాన సంస్థలకు ఇచ్చే ఆదేశం ఒక్క పేజీలో సరిపోతుంది. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.