చిత్తూరులో ఎన్ని ఇంగ్లిష్ మాటలున్నాయ్?

కాగితం, పెన్ను తీయండి. ఫోన్‌లో నోట్స్ అయినా పర్లేదు. చిత్తూరు పేరు ఇంగ్లిష్‌లో రాయండి: సీ, హెచ్, ఐ, టీ, టీ, ఓ, ఓ, ఆర్. మొత్తం 8 అక్షరాలు. వీటితో ఎన్ని ఇంగ్లిష్ మాటలు చేయగలరు? రూల్స్ రెండే. మాటలో కనీసం 4 అక్షరాలుండాలి. ఏ అక్షరాన్నీ పేరులో ఉన్నదానికంటే ఎక్కువసార్లు వాడకూడదు.

చాలామంది రూట్, రిచ్ అని మొదలుపెట్టి మూడో మాటకే ఆగిపోతారు. వెంటనే చెయ్యి గూగుల్ మీదికి పోతుంది. అక్షరాలు కొడితే మాటల లిస్టు ఇచ్చే సైట్లు బోలెడున్నాయి. కాస్త ఆగండప్పా! ఆ లిస్టు చూస్తే ఆట అయిపోతుంది, మీకు మాత్రం ఏమీ మిగలదు. రేపు పరీక్ష హాల్లో స్పెల్లింగ్ దగ్గర తడబడితే ఆ సైటు పక్కన ఉండదు కదా.

అసలు ఎందుకు ఆగిపోతాం? మనం చెవితో వెతుకుతాం కాబట్టి. తెలుగులో అది బాగానే పనిచేస్తుంది, పలికినట్టే రాస్తాం. చిత్తూరు అంటే చి, త్తూ, రు. మూడే మూడు అక్షరాలు. ఇంగ్లిష్‌లో అదే పేరుకి 8 కావాలి. పైగా అక్కడ ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది, కొన్నిచోట్ల అసలు పలకనే పలకదు. అందుకే చెవిని కాసేపు పక్కన పెట్టి, కంటితో వెతకాలి.

ఎలాగంటారా? ముందు జంటల్ని పట్టుకోండి. ఇంగ్లిష్‌లో కొన్ని అక్షరాలు కలిసే తిరుగుతాయి. 'సీ' పక్కన 'హెచ్' పెట్టండి. ఆ జంట ముందుంటే చిట్. చివరుంటే రిచ్, టార్చ్, దురద అనే ఇచ్. ఇప్పుడు 'టీ', 'హెచ్' జంటని చివర పెట్టండి, టూత్ వస్తుంది. ఇంకోటుంది, చర్చిలో పాటలు పాడే బృందం పేరు. వినడానికి 'క్వయర్', రాస్తే సీ, హెచ్, ఓ, ఐ, ఆర్. చెవిని నమ్ముకుంటే ఇది ఎప్పటికీ దొరకదు.

'మేం తెలుగు మీడియం, ఇవన్నీ మాకెక్కడ వస్తాయి' అనేవాళ్లకి ఒక మాట. ఇలాంటి ఆట మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. దాని పేరు అవధానం. తిరుపతి అవధాని మేడసాని మోహన్ పేరు వినే ఉంటారు. అష్టావధానంలో 8 మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు ఉంటారు. న్యస్తాక్షరి అడిగేవాళ్లు ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే రావాలంటారు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఈ అక్షరం వద్దని అడ్డుపడుతుంటారు. దత్తపదిలో కొన్ని మాటలిచ్చి, వాటిని పద్యంలో ఇరికించమంటారు. ఆ మాటలు ఒక్కోసారి ఇంగ్లిష్‌వి కూడా అవుతాయి. అవధాని చేతిలో పెన్నూ ఉండదు, కాగితమూ ఉండదు.

ఇప్పుడు వర్డుల్ గుర్తు తెచ్చుకోండి. జోష్ వార్డుల్ అనే ఇంజినీర్ 2021లో జనంలోకి వదిలిన ఆట ఇది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. 5 అక్షరాల మాట, 6 ఛాన్సులు. ఆకుపచ్చ గడి న్యస్తాక్షరి, ఈ అక్షరం ఇక్కడే. బూడిద రంగు గడి నిషిద్ధాక్షరి, ఇది వద్దు. పసుపు గడి దత్తపదికి దగ్గర, ఇది ఉండాలి, ఎక్కడో నువ్వే చూసుకో.

రెండో అక్షరం 'ఆర్', మూడోది 'ఐ', చివరిది 'ఈ' అని తేలిందనుకోండి. ప్రైస్, ప్రైడ్, ప్రైమ్, క్రైమ్, బ్రైడ్, డ్రైవ్... ఒక్కోటి వేసుకుంటూ పోతే ఛాన్సులన్నీ ఖాళీ. అప్పుడు 'క్లాంప్' వేయండి. అది జవాబు కాదని మీకూ తెలుసు. కానీ సీ, ఎమ్, పీ ఉన్నాయో లేవో ఒక్క దెబ్బకి తేలిపోతుంది. హార్డ్ మోడ్‌లో మాత్రం ఈ పప్పులుడకవు. అన్నట్టు ఆ లిస్టులో రాయడం అనే 'రైట్' కూడా ఉండాలి. మొదట్లో ఉన్న 'డబ్ల్యూ' పలకదు కాబట్టి తప్పించుకుంది!

ఏ అక్షరంతో మొదలుపెట్టాలన్న డౌటుంటే స్క్రాబుల్ డబ్బా తెరవండి. 1930ల్లో ఈ ఆట తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్, పేపర్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో కూర్చుని లెక్కపెట్టాడు. అందుకే 100 బిళ్లల్లో 'ఈ' 12, 'ఏ', 'ఐ' చెరో 9 ఉంటాయి. 'క్యూ', 'జెడ్' మాత్రం ఒక్కొక్కటే. ఎక్కువగా దొరికేవాటిని ముందు వాడితే సగం పని అయిపోయినట్టే.

ఈ వారం మీ వంతు తిరుపతి. టీ, ఐ, ఆర్, యూ, పీ, ఏ, టీ, ఐ. రూల్స్ అవే. ట్రిప్, పార్ట్ నేనే ఇచ్చేశా. రెండు 'టీ'లూ వాడే 5 అక్షరాల మాట ఒకటుంది, పొట్టి తొండం లాంటి ముక్కున్న జంతువు ఒకటుంది. సైట్లు ముట్టుకోకుండా 10 మాటలు దాటితే, ఈసారి వర్డుల్‌లో మీ ఫ్రెండ్స్‌కి మీరే పృచ్ఛకులు.