లాగిన్ మా ఇష్టం, మిగతాదంతా యాప్ ఇష్టం



డెలివరీ పని మాటెత్తితే చాలు, 'మీకేం, మీకు మీరే యజమానులు' అంటారు. వర్తూరులో బండి నడిపే మాలో అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఆ మాట నమ్మే చేరారు. అందులో కొంత నిజముంది. ఊళ్లో గంగ జాతరొస్తే ఎవరి కాళ్లావేళ్లా పడి సెలవు అడగక్కర్లేదు.

లాగిన్ అయ్యాక మాత్రం మా ఇష్టమంటూ ఏముంది? ఏ ఆర్డరో, దానికెంతో, ఇన్సెంటివ్ దక్కాలంటే ఇంకెన్ని చేయాలో యాపే చెబుతుంది. వర్తూరు కోడి కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ ఆలస్యం మా పద్దులోకే. ఒక ఆర్డర్ వద్దంటే ఆ తర్వాత ఆర్డర్లు తగ్గినట్టనిపిస్తుంది. నిజంగా తగ్గించారో, మా అనుమానమో తేల్చుకునే దారి లేదు. ఇక ఐడీ బ్లాకయితే, ఎందుకని అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. ఎండా వానా ఓర్చుకోవచ్చు. ఈ తెలియనితనమే మమ్మల్ని నలిపేస్తోంది.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ కేసులో పేరుకే ఉన్న ఇలాంటి స్వేచ్ఛనే గుర్తించింది. ఎప్పుడు పనిచేయాలన్నది డ్రైవర్ల ఇష్టమే అయినా, ఛార్జీలూ షరతులూ కంపెనీవే కాబట్టి వాళ్లు కార్మికులేనని తీర్పిచ్చింది.

కర్ణాటక 2025లో మాలాంటి గిగ్ కార్మికుల కోసం చట్టం చేసింది. మేం పొందే ప్రతి చెల్లింపుపై కంపెనీలు కట్టాల్సిన 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము గురించే అందరూ మాట్లాడుతున్నారు. అది అవసరమే, కాదనను. కానీ నా దృష్టిలో అంతకన్నా విలువైనవి అదే చట్టంలో ఉన్నాయి. తొలగించాలంటే కారణం రాసిచ్చి, 14 రోజుల ముందు నోటీసివ్వాలి. పనినీ ఆదాయాన్నీ రేటింగులనూ కంప్యూటర్ ఏ లెక్కన తేలుస్తోందో కార్మికుడికి తెలియజేయాలి. ఆపద వేళ ఆదుకునేది రుసుము. రోజూ తల ఎత్తుకుని పనిచేయనిచ్చేవి ఇవి.

కాబట్టి కార్మిక శాఖ రుసుము వసూలుతో సరిపెట్టకూడదు. ఆర్డర్ వద్దంటే ఏమవుతుందో ఆ బటన్ దగ్గరే రాసి ఉండాలి. ఐడీ ఆపితే కారణం అదే ఫోన్‌లో, మాకు చదవొచ్చిన తెలుగులో రావాలి. 2025లోనే ముసాయిదా బిల్లు విడుదల చేసిన తెలంగాణ కూడా ఈ రెండింటినీ వదిలేయకూడదు.

ఇట్లు,
ఒక డెలివరీ కార్మికుడు,
వర్తూరు, బెంగళూరు