రైలుదారిలో కావలికొలువు



గడచిన నెలలో నొకనాటి మధ్యాహ్నము మా పొరుగింటి యిల్లాలు మా వాకిటికి వచ్చి, కంట నీరు పెట్టుకొని యిట్లనెను: "అక్కగారూ, మా పిల్ల రైలుపోలీసులలో జేరెదనని పట్టుపట్టినది. లాఠీ చేతబట్టి నలుగురిలో నిలుచు ఆడుపిల్లకు సంబంధములు వచ్చునా? మీరైన నాలుగు మాటలు చెప్పి మాన్పింపుడు." ఆ పిల్లకు పందొమ్మిదేండ్లు, ఇంటరు పరీక్షలో తేరినది. మాన్పించుటకు ముందు ఆ కొలువెట్టిదో తెలిసికొనుట మేలని తోచి, మా వారి సాయమున గొంత చదివితిమి. తెలిసినంత మీకును విన్నవించుచున్నాము.

మనము వాడుకగా రైలుపోలీసులనువారు రెండు తెగలు. బండ్లలోను స్టేషనులలోను జరిగిన నేరములను విచారించి కేసులు నడపువారు రాష్ట్రప్రభుత్వపు రైల్వే పోలీసులు. రైల్వే ఆస్తిని, ప్రయాణికులను గాపాడువారు కేంద్రప్రభుత్వమునకు జెందిన రైల్వే రక్షణదళమువారు. ఈ దళమునకు 1957లో చట్టమేర్పడినది. 1985లో నిది కేంద్రపు సాయుధదళమైనది. 2003 నాటి సవరణచే ప్రయాణికుల రక్షణయు దీని విధులలో జేరినది. 2025లో సోనాలీ మిశ్రాగారు దీనికి డైరెక్టరు జనరలైరి. ఆ పదవి నధిష్ఠించిన మొదటి మహిళ యామెయే.

ఈ దళమువారి పని మే మొకసారి స్వయముగా జూచితిమి. రెండేండ్ల క్రిందట మా చెల్లెలికి జబ్బుగా నున్నదని తెలిసి, మా వారికి బడి విడుచుటకు వీలు గాక, మే మొంటరిగా సికింద్రాబాదునుండి విశాఖపట్టణమునకు రాత్రిబండిలో బోవలసివచ్చినది. బండి కదలుటకు ముందు ఖాకీదుస్తుల చిన్నది యొకతె వచ్చి, "అమ్మా, ఒంటరిగా బోవుచున్నారా?" యని యడిగి, మా పెట్టె సంఖ్యయు బెర్తు సంఖ్యయు వ్రాసికొని, క్రొత్తవారిచ్చిన తినుబండారములు ముట్టవలదనియు, ఆపద తోచిన 139కి ఫోను చేయవలసినదనియు జెప్పి పోయినది. నడిరేయి విజయవాడలో మరియొకతె కిటికీకడ నిలిచి, "అంతయు క్షేమమేనా?" యని పలుకరించినది. అటుపిమ్మటగాని మాకు కన్ను మూతపడలేదు. 'మేరీ సహేలీ', అనగా 'నా నెచ్చెలి' యను ఈ యేర్పాటు 2020లో మొదలైనది. బండి బయలుదేరు చోట వ్రాసికొనిన సంఖ్యలు దారిలోని స్టేషనులకు ముందే యందును. దిగుచోట ప్రయాణమెట్లు సాగినదో యడిగి తెలిసికొందురు.

ఇల్లు విడిచి వచ్చి స్టేషనులలో దిరుగు పిల్లలను గుర్తించి, బాలల సంక్షేమ సమితులకు జేర్చుటయు వీరి పనియే. 2018 మొదలు 2024 మే వరకు 84 వేలకు పైబడిన పిల్లలను వీరు కాపాడిరి. ఏడ్చుచున్న బిడ్డను ఎవరైనను గుర్తింతురు. ఏడ్వక, బెదరుచూపులతో ఎవని వెంటనో నడచిపోవు బిడ్డను గుర్తించుటకు తల్లికన్ను వలయును.

ఇక ప్రవేశపు సంగతి. 2024 నాటి ప్రకటనను బట్టి, కానిస్టేబులునకు పదవ తరగతి చాలును. సబ్ ఇన్‌స్పెక్టరునకు పట్టము వలయును. ఆరంభపు మూలవేతనము మొదటివారికి నెలకు 21,700 రూపాయలు, రెండవవారికి 35,400. ఖాళీలలో నూటికి 15 స్త్రీలకు విడిచిరి. వ్రాతపరీక్షలో 90 నిమిషములలో 120 ప్రశ్నలు. తప్పు జవాబునకు మూడవవంతు మార్కు కోత. కానిస్టేబులు కాగోరు స్త్రీ 800 మీటర్లు 3 నిమిషముల 40 సెకండ్లలో బరుగెత్తి, 9 అడుగుల దూరమును, 3 అడుగుల యెత్తును దుముకవలెను. క్రొత్త ప్రకటన వెలువడినప్పుడు నిబంధనలను మరల జూచుకొనవలెను.

ఆడుది యాయుధము పట్టుట వింతయా? రాజు శయ్య విడిచి లేవగనే విల్లు బూనిన స్త్రీలు చుట్టును నిలువవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. రాజును గాచినవారు రైలును గావలేరా?

అయినను ఇందలి కష్టమును దాచరాదు. రాత్రికాపలాలు, బదిలీలు, పండుగనాడును ఇల్లు చేరలేకపోవుట, ఇవన్నియు గలవు. 2025 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ స్టేషనున ద్రొక్కిసలాట జరిగిన పిదప, ఏడాది బిడ్డను రొమ్మునకు గట్టుకొని, లాఠీ చేతబట్టి, జనమును నడిపించుచున్న యొక కానిస్టేబులు పటమును దేశమంతయు జూచినది. పొగడనివారు లేరు. మేమును గర్వించితిమి. కాని, ఇట్టి తల్లులకు విధి ముగియువరకు బిడ్డ నెత్తుకొనుటకు వేరొక యొడి యేల దొరకదా యని మా మనస్సు కలుక్కుమనినది. పొగడ్తలతో బిడ్డ నిద్రపోదు గదా!

కావున పొరుగింటి యిల్లాలితో మేమిట్లంటిమి: "అమ్మా, సంబంధము వచ్చునా యని దిగులు పడకుము. వచ్చినవారిని, రాత్రికాపలా నాడు బిడ్డను మీరు చూచెదరా యని యడుగుము, అడుగుటకు సిగ్గుపడకుము. నీ యొడిని గూడ నాటికి సిద్ధముగా నుంచుము."

ఆమె యేమియు బలుకక లేచిపోయెను. కాని మరునాటి వేకువనే మా బడిమైదానమున ఆ పిల్ల పరుగెత్తుచుండగా, తల్లి మంచినీళ్ల చెంబుతో గట్టుమీద గూర్చుండెను. మా వారు గడియారము పట్టిరి. మొదటి దినమున 800 మీటర్లకు 4 నిమిషముల 50 సెకండ్లు పట్టినది. నేటి వేకువకు సరిగా 4 నిమిషములకు దిగినది. ఇంకను 20 సెకండ్లు తగ్గవలెను.