నక్షాలో మా బండెక్కడ?

ఆక్రమణ అనే మాట మాకు కొత్త గాదు. చరిత్ర పుస్తకాలల్ల మేం దేశాన్ని ఆక్రమించినోళ్లం. ఇప్పుడు అరటిపండ్ల బండి నిలిపిన మూడు గజాల జాగకాడ మున్సిపాలిటోళ్లు అదే మాటంటున్నరు. బాద్షాల వారసులం గదా, మా సల్తనత్ నాలుగు చక్రాల మీదుంది!

నలగొండల, మహబూబ్‌నగర్ల బజారును ఏ ఇంజినీరూ గీయలేదు. పల్లె బస్సు ఆగినకాడ పండ్ల బండి ఆగింది. దాని పక్కన చాయ్, పంక్చరు, గాజులు, అత్తరు. నీడ జరిగితే బండి జరుగుతది. ఒకరు నమాజుకు పోతే పక్కబండి అవ్వ బేరం చూస్తది. బోనాలకు ఆమె పోతే ఈయన చూస్తడు. దీన్ని ప్లానింగ్ అనరు, అడ్డం అంటరు.

2020ల పట్టణ ప్రగతి వచ్చింది. ఊరికో సమీకృత మార్కెట్ అన్నరు. మంచిదే, కూరగాయలకు కప్పు ఎవరొద్దన్నరు? కానీ బస్సు దిగిన మనిషి ఎటు నడుస్తడో, ఉద్దెర ఎవరిస్తరో హైదరాబాదుల గీసిన కాగితానికేం తెలుసు?

చట్టం లేదా అంటే ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీల నూటికి 40 మందికి తక్కువ కాకుండా వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్నోళ్లే ఉండాలె. దళితులకు, బీసీలకు, ఆడోళ్లకు, మైనారిటీలకు చోటుండాలె. సర్వే అయ్యేదాక ఎవర్నీ లేపొద్దు. యాభై ఏండ్లు దాటిన సహజ బజారును వారసత్వ బజారుగ ప్రకటించాలె, కదిలించొద్దు. మరి ఏ బండాయననన్న అడగండి, ఆ కమిటీకి ఓటెప్పుడేసినవని. 74వ సవరణ 1993ల అమల్లోకొచ్చినా, అందుల వార్డు కమిటీలు మూడు లక్షల జనాభాకు తక్కువున్న పట్నాలకు తప్పనిసరి గాదు. 2011 లెక్కల్ల మా రెండు పట్నాలూ ఆ గీత కిందనే.

సర్కారునే అని ఊకుంటే మోసమైతది. వక్ఫు జాగల మల్గీలు ఎవరికియ్యాలన్నది కూడా పైన కూసున్న పెద్దలే తేలుస్తున్నరు. మైనారిటీ ప్రతినిధి అంటే వాళ్లే కుర్చీ ఎక్కుతరు. దూదేకులాయనను, పంక్చరాయనను మీటింగులకు పిలుస్తరా? దస్తరుఖాన్ కాడ గుర్తొచ్చే బరాబరి కిరాయికాడ గుర్తు రాదు.

ఇక పీర్ల చావిడి సంగతి. మొహర్రంకు అలావా తవ్వేది, పీరునెత్తేది, డప్పు కొట్టేది ముస్లింలొక్కరే గాదు. మాదిగలు, గొల్లలు, సాకలోళ్లు అందరూ ఉంటరు. దీనికి టెండరు లేదు, శిలాఫలకం లేదు. మా మతపెద్దలు కొందరు ఇది దీన్ల లేదంటరు. రోడ్డు వెడల్పు చేసేటోడు ఇది నక్షాల లేదంటడు. ఇద్దరికీ ఆ నిప్పుల గుండం ఉత్త గుంత!

ముందు సర్వే చేయుండ్రి. బండ్లోళ్లతోని ఓటేయించుండ్రి. నక్షా తర్వాత గీద్దురుగాని. అలావా ఎక్కడ తవ్వుతరో మేమే వచ్చి చూపెడతం.