తెర మీది పేరు, గడప ముందు ప్రశ్న

2024లో రమజాన్ తొలి జుమా మార్చి 15న వచ్చింది. ఆనాడే ‘రజాకార్’ చిత్రం విడుదలైంది. మరునాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడింది. ఇదంతా కాకతాళీయమే అనుకుందాం.

ఆ వారంలోనే ఒక ఉపాధ్యాయుని కుటుంబానికి అద్దె ఇల్లు వెదుకుతూ మేము ఎల్బీనగర్‌లో తిరిగాము. ఒకచోట ఇల్లు నచ్చింది, అద్దె కుదిరింది, అడ్వాన్సు మాట కూడా అయింది. పేరు చెప్పగానే యజమాని స్వరం మారింది. “మీవాళ్లకు ఇవ్వడం లేదండీ, ఏమీ అనుకోకండి” అన్నాడు. అతనికి నలభై ఏళ్లుంటాయి. ఏ రజాకారునూ చూసి ఎరుగడు. మరి ఆ భయం అతనికి ఎవరు నేర్పారు? సినిమాయే నేర్పిందని మేము అనము. కాని అందులో సినిమా పాలు తక్కువని ఎవరనగలరు?

పత్రికల సమీక్షలు చదివాము. పాటలు, పోరాటాలు, విరామం ముందు మలుపు, ద్వితీయార్ధంలో సాగతీత, అన్నింటికీ మార్కులు వేశారు. ఒక సమాజాన్ని ఎలా చూపారన్న దానికి మార్కులు లేవు. ఆ లెక్క మేమే వేయదలచాము.

ముందుగా ‘రజాకార్’. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటిని వెనకేసుకు వచ్చేవారు మాలో ఎవరూ లేరు. అయితే వారిని ధిక్కరించినవారిలో ముస్లింలు లేరా? ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో కాచిగూడ ప్రాంతంలో, దిల్‌సుఖ్‌నగర్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే, చేయి నరికి చంపారు. విసునూరు దేశముఖ్‌ను ఎదిరించి ప్రాణమిచ్చిన షేక్ బందగీ ఎవరు? సాయుధ పోరాటానికి గొంతుక అయిన మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? ప్రేక్షకుడు ఎవరి ముఖాన్ని గుర్తుంచుకుని హాలు నుంచి బయటికి వస్తున్నాడన్నదే మా ప్రశ్న. ఇక పోలీసు చర్య తరువాత జరిగిన హత్యాకాండలో కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ కన్నీటికి తెర ఎత్తే నిర్మాత ఎవరు?

రెండవది యుద్ధ చిత్రం, మార్చి 1న వచ్చిన ‘ఆపరేషన్ వాలెంటైన్’. పుల్వామా దాడి, బాలాకోట్ వైమానిక దాడి దీనికి ఆధారం. వీరుల కథలు రావలసిందే. కాని 1978 నుంచి 1981 వరకు భారత వాయుసేనకు అధిపతిగా ఉన్న ఇద్రీస్ హసన్ లతీఫ్ మన హైదరాబాదులో పుట్టి, నిజాం కళాశాలలో చదివినవాడు. దేశ విభజన నాడు పాకిస్తాన్‌కు పోక ఇక్కడే నిలిచినవాడు. ఆయన కథ మన దర్శకుల కంట ఎందుకు పడదు?

మూడవది వినోదం, ‘టిల్లు స్క్వేర్’. ఇందులో చరిత్రా లేదు, యుద్ధమూ లేదు. అయినా మాఫియా నాయకునికి మెహబూబ్ అన్న పేరే కావలసి వచ్చింది. నవ్వుతూ చూసేటప్పుడు ఎవరూ కాపలా ఉండరు. అందుకే ఈ మూడింటిలో మాకు ఎక్కువ బాధ కలిగించినది ఇదే.

తెలుగు సినిమాకు న్యాయం చేయడం రాదా అంటే, వచ్చు. అనుమానపు చూపుల కింద నలిగిపోయే రహీముద్దీన్‌ను 2010లోనే ‘వేదం’ మనకు చూపింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ కుల అవమానాన్ని సూటిగా ప్రశ్నించింది. దళిత, బహుజన రచయితలు, దర్శకులు తమ కథ తామే చెప్పుకుంటున్నారు. మనము?

“సినిమాతో మనకేం పని?” అనే పెద్దలు మనలో ఉన్నారు. వారి ధర్మనిష్ఠను గౌరవిస్తూనే ఒక మాట మనవి చేస్తున్నాము. మనం సినిమాకు వెళ్లకపోయినా సినిమా మన గడపకు వస్తుంది. ఇంటి యజమాని కంటిచూపులో, బడిలో పిల్లవానికి పెట్టే మారుపేరులో వస్తుంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల సమీపంలో బాంబులు పేలినప్పుడు బాధితుల్లో ముస్లింలు కూడా ఉన్నారు. ఆ దుఃఖం మనది కూడా. అయినా దుఃఖించే హక్కు కన్నా ముందు సంజాయిషీ చెప్పుకునే బాధ్యతే మనకు దక్కింది.

నిషేధాలు మేము కోరడం లేదు. ఒకరి సినిమాను ఆపితే రేపు మన గొంతునూ ఆపుతారు. మేము కోరేవి మూడు. సమీక్షకులు పాటలతోపాటు పాత్రల పేర్లను కూడా తూకం వేయాలి. సెన్సారు బోర్డు మత విద్వేషంపై తన మార్గదర్శకాలను అందరికీ ఒకే తీరుగా అమలు చేయాలి. మన కుటుంబాలు న్యాయమైన చిత్రానికి టిక్కెట్టు కొని నిలబెట్టాలి. అన్యాయమైన దానిపై పత్రికలకు ఉత్తరం రాయాలి. కెమెరా పట్టాలనుకునే బిడ్డను వెనక్కి లాగకూడదు.

2024 మే 13న మనమందరం ఓటు వేశాము. ఆనాడు దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్బీనగర్‌లో అదే ఇంటి యజమాని, అదే ఉపాధ్యాయుడు ఒకే వరుసలో నిలబడ్డారు. ఓటరు జాబితాలో పక్కపక్కన ఉండగలిగిన రెండు పేర్లు ఒకే వీధిలో ఎందుకు ఉండకూడదు?