అంబాసిడర్ వాళ్లమ్మ

ఇంగ్లండులో మా ఊరి దగ్గర ఒక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అమ్మకానికి ఉంది. మన అంబాసిడర్‌కి మూలం ఇదే. అరవై దాటినా నిగనిగలాడుతోంది.

నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి ఇక్కడ రోడ్డు పన్ను లేదు, ఏటేటా ఎంవోటీ పరీక్షా అక్కర్లేదు. అందరూ లాభమంటారు. నాకు మాత్రం బరువనిపిస్తుంది. బ్రేకులు, తుప్పు చూసుకునే పూచీ ఇక మనదే.

ఇంకో చిక్కు. సీటు బెల్టుల్లేని కారులో మూడేళ్లలోపు పిల్లల్ని ఎక్కించకూడదని ఇక్కడి చట్టం. మా అమ్మాయికి రెండేళ్లు. తనని ఎక్కించుకుని తిరగాలనే కదా ఈ ఆరాటమంతా! బెల్టులు బిగించుకోవచ్చు, కానీ వాటిని పట్టి ఉంచే రేకు గట్టిగా ఉండాలి. అందుకే పైరంగు చూసి బేరమాడను. మెకానిక్ కిందికి దూరి చూసి సరేనంటే కొంటాను. లేదంటే ఫోటో చాలు.