అరవై మంది పాఠకులు

మొన్న షాబాన్ మాసంలో, చిన్ననాడు మా వద్ద ఖురాన్ పారాయణం నేర్చుకొన్న ఒక అమ్మాయి తన ఇద్దరు పిల్లలతో మా ఇంటికి వచ్చింది. కుశల ప్రశ్నలు ముగిశాక, మా ఇల్లాలి ప్రక్కన కూర్చొని తన మనసులోని బాధ చెప్పుకొంది.

“ఉస్తాద్ గారూ! ఎనిమిది నెలలుగా రాస్తున్నాను. మా నానీ చెప్పిన సంగతులు, పిల్లల పెంపకంలో నాకు ఎదురైన చిక్కులు, పండుగ వంటలు... ప్రతి వారం ఏదో ఒకటి రాసి ఫోనులో అందరికీ పంపుతున్నాను. చదివేవారు ఇరవై మంది కూడా లేరు. ఒక్కసారి మాత్రం మా ఆడబిడ్డ ఇంట్లో జరిగిన గొడవను పేర్లు మార్చి రాశాను. ఆ రోజు వందల మంది చదివారు. అలాంటివే ఇంకా రాయమని అడుగుతున్నారు. రాయమంటారా?”

“ఆ రాత మీ ఆడబిడ్డ చదివిందా?” అని అడిగాము.

ఆమె తల దించుకొంది. “చదివింది. అప్పటి నుండి మా గడప తొక్కడం లేదు.”

ఈ ప్రశ్న ఒక్క ఆ అమ్మాయిది కాదు. నేడు మన ఇళ్లలో ఎందరో యువతీ యువకులు సొంతంగా రాయడం మొదలుపెడుతున్నారు. అది సంతోషించదగిన విషయమే. ఒకప్పుడు రాసినది నలుగురికి చేరాలంటే ముద్రణాలయం కావాలి, కాగితం కావాలి, తపాలా ఖర్చు కావాలి. నేడు అవేవీ అక్కరలేదు. కాని పాఠకుల కోసం ఎదురుచూపు మాత్రం నాడు ఎలా ఉండేదో నేడూ అలాగే ఉంది. అందుకే ఆ అమ్మాయికి మేము చెప్పిన పాత సంగతినే ఇక్కడ పాఠకులతోనూ పంచుకొంటున్నాము.

1898వ సంవత్సరం జూలై 1న లాహోరు నగరం నుండి ‘తహజీబె నిస్వాన్’ అనే ఉర్దూ వారపత్రిక వెలువడింది. అది స్త్రీల కోసం నడిచిన పత్రిక. దాని సంపాదకురాలు ముహమ్మదీ బేగం. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఏళ్లు. ఆమె భర్త సయ్యద్ ముమ్తాజ్ అలీ దేవ్‌బంద్‌లో పుట్టి, అక్కడి మదర్సాలోనే విద్య నేర్చిన వ్యక్తి. స్త్రీ విద్యను, స్త్రీల హక్కులను ధర్మశాస్త్ర ఆధారాలతో సమర్థిస్తూ ‘హుఖూఖె నిస్వాన్’ అనే గ్రంథం రాసినది ఆయనే. మదర్సా చదువు చదివినవారికి ఇంటి ఆడవారి చదువు పట్టదని అనుకొనేవారు ఈ దంపతుల చరిత్రను ఒకసారి తెలుసుకోవాలి.

ముహమ్మదీ బేగం బడికి వెళ్లి చదువుకొన్న మనిషి కాదు. అక్షరాలు ఇంట్లోనే నేర్చారు. సోదరికి పెళ్లయి దూరంగా వెళ్లిపోతే, ఆమెతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపాలన్న కోరిక ఆమె చేత కలం పట్టించింది. ఉర్దూలో పత్రికను నడిపిన తొలి మహిళగా పేరు పొందిన ఆ సంపాదకురాలి మొట్టమొదటి పాఠకురాలు ఆమె తోబుట్టువే. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. దీని అవసరం ముందు ముందు వస్తుంది.

పత్రిక అచ్చయింది. మరి చదివేదెవరు? దంపతులిద్దరూ ఆలోచించి, ప్రభుత్వోద్యోగుల జాబితా నుండి పేర్లు ఏరి, వారి ఇళ్లకు ప్రతులను ఉచితంగా పంపారు. ఎన్నో ప్రతులు విప్పనైనా విప్పకుండా తిరిగి వచ్చాయి. కొన్నింటి మీద బూతు మాటలు రాసి ఉన్నాయి. మూడు నెలలు గడిచేసరికి చందాదారులు అరవై, డెబ్బై మందికి మించలేదు. ఆ తరువాత కొన్ని సంవత్సరాలు గడిచినా ఆ సంఖ్య వందలలోనే ఉండిపోయింది.

ఇరవై ఏళ్ల స్త్రీ. తిరిగి వచ్చిన కట్టల మీద తిట్లు. ఆ స్థితిలో మనమైతే ఏమి చేసేవారము? పత్రిక మూసివేసేవారమో, జనం మెచ్చే కబుర్ల కోసం వెదికేవారమో! ఆమె ఆ రెండూ చేయలేదు. వచ్చే వారం సంచికను సిద్ధం చేశారు. ఆ పై వారం మరొకటి. తమకు లేని వేలమంది కోసం కాక, ఉన్న ఆ అరవై మంది కోసం రాశారు.

ఆమె రాసిన విషయాలు ఏమిటి? ఇంటి ఖర్చు, పిల్లల పెంపకం, ఆడపిల్లల చదువు, పెళ్లిళ్లలో దుబారా, వంట, కుట్టుపని. పరదా దాటి బయటకు వెళ్లని స్త్రీకి నిత్యం ఎదురయ్యే సంగతులే అవన్నీ. భాష కూడా ఇంట్లో మాట్లాడుకొనే భాషే. అన్నింటికంటె ముఖ్యమైనది, పాఠకుల ఉత్తరాలకు పత్రికలో చోటు ఇవ్వడం. ఒక ఊరి స్త్రీ ప్రశ్న అడిగితే మరొక ఊరి స్త్రీ జవాబు రాసేది. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడని ఆ స్త్రీలు తమను తాము ‘తహజీబీ బహెనేఁ’, అంటే తహజీబ్ అక్కచెల్లెళ్లు, అని పిలుచుకొన్నారు. ఒకప్పుడు ఒక సోదరికి ఉత్తరం రాసేందుకు కలం పట్టిన మనిషి, చివరకు వందలాది సోదరీమణులకు వారం వారం ఉత్తరం రాసినట్లే అయింది.

మరొక విషయం. ఆ కాలంలో ఎందరో స్త్రీలు సొంత పేరుతో రాసేవారు కారు. ఫలానా వారి తల్లి, ఫలానా వారి భార్య అని రాసుకొనేవారు. పేరు దాచుకొని తమ అనుభవాన్ని చెప్పుకొన్నారు. నేడు మనం చేస్తున్నది ఏమిటి? మన పేరు పెద్ద అక్షరాలతో వేసుకొని, ఎదుటివారి బ్రతుకును బయట పెడుతున్నాము. పేర్లు మార్చినంత మాత్రాన ఆ మనిషికి తెలియకపోదు. ఇరుగుపొరుగుకూ తెలియకపోదు. హుజురాత్ సూరా పరుల లోపాలను కూపీ లాగవద్దనీ, చాటున వారిని గురించి చెడు చెప్పవద్దనీ హెచ్చరించింది. నోటితో చెప్పినది గాలిలో కలిసిపోవచ్చును. రాసినది నిలిచి ఉంటుంది. పదేళ్ల తరువాత ఆ ఆడబిడ్డ పిల్లలు చదివినా అది అలాగే ఉంటుంది.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఈ మాసపత్రిక మా చేతికి అందగానే, మా కళ్లు ముందు వెదికేది మా శీర్షికనే. ఎవరైనా దాని గురించి ఒక మంచి మాట అంటే ఆ రోజంతా మనసు తేలికగా ఉంటుంది. తీర్పుదినాన మొదట విచారణకు నిలబడేవారిలో, పండితుడని అనిపించుకోవడానికే విద్య నేర్చి, నేర్పిన మనిషి ఒకడని హదీసులో చదివి, ముప్పై ఏళ్లుగా పిల్లలకు బోధిస్తున్నాము. అయినా కలం చేతబట్టిన ప్రతిసారీ ఆ భయాన్ని మళ్లీ గుర్తు చేసుకోవలసే వస్తోంది. పాఠకులు కావాలని కోరుకోవడం పాపం కాదు. చదివేవారు లేని రాత ఎవరికి ఉపయోగం? కాని పాఠకులు దేనికోసం కావాలో తేల్చుకోకుండా వారిని వెదకబోతే, వారు ఎటు లాగితే అటు పోతాము.

కనుక రాయదలచిన మన పిల్లలకు మా అనుభవం మేరకు నాలుగు మాటలు చెబుతాము. మొదటిది, ఎవరో తెలియని వేలమందిని కాక, మీకు తెలిసిన ఒక్క మనిషిని ఎదుట ఊహించుకొని రాయండి. అమ్మకో, చెల్లెలికో, దూరాన ఉన్న స్నేహితురాలికో రాస్తున్నట్లు రాయండి. ఒక్కరికి అర్థమయ్యేలా రాసినది వందమందికీ అర్థమవుతుంది. రెండవది, మీరు చేతులారా చేసినదీ, కళ్లారా చూసినదీ రాయండి. ఇంట్లో వృద్ధుల నోట మిగిలి ఉన్న సంగతులు మీరు రాయకపోతే మరెవరూ రాయరు. మూడవది, వారానికో నెలకో ఒక రోజు నిర్ణయించుకొని ఆ రోజు తప్పకండి. ఎదురుచూసే అలవాటు ఉన్నచోటే పాఠకులు నిలుస్తారు. నాలుగవది, ఎవరైనా ఒక మాట రాస్తే జవాబు ఇవ్వండి. జవాబు పొందిన మనిషి మరొకరిని వెంట తెస్తుంది. ఒక తప్పు గురించి రాయవలసి వస్తే మీ తప్పునే రాయండి. ఇతరులది రాయవలసి వస్తే ముందు వారి అనుమతి పొందండి.

ముహమ్మదీ బేగం 1908లో, ముప్పై ఏళ్ల వయస్సులోనే కన్నుమూశారు. పత్రిక మాత్రం ఆగలేదు. ఆమె సవతి కుమార్తె వహీదా బేగం, అటు తరువాత కుమారుడు ఇమ్తియాజ్ అలీ తాజ్ దానిని నడిపారు. సుమారు అర్ధ శతాబ్దం పాటు అది ఇళ్లకు చేరుతూనే వచ్చింది. ఆ దారిలోనే మరెన్నో స్త్రీల పత్రికలు పుట్టాయి. మన హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా ‘అన్నిసా’ పత్రికను నడిపారు. అరవై మందే చదువుతున్నారని ఆనాడు లాహోరులో ఆ కలం ఆగిపోయి ఉంటే?

ఇదంతా విని ఆ అమ్మాయి చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. తరువాత, “అయితే ఈ వారం ఏమి రాయను ఉస్తాద్ గారూ?” అని అడిగింది.

“ఈ వారం ఒక్క ఉత్తరమే రాయి బేటీ. అది ఫోనులో కాదు, కాగితం మీద. నీ ఆడబిడ్డకు. క్షమించమని రాసి, నీ చేతులతో నీవే తీసుకువెళ్లి ఇవ్వు. ఆమె చదివిన తరువాత, మిగిలిన ఇరవై మంది కోసం కూర్చొని రాద్దువుగాని” అన్నాము.

అల్లాహ్ మన కలాలను ఇతరుల గాయాలకు కాక, వారి మేలుకు ఉపయోగపడేలా చేయుగాక! ఆమీన్.